రంగు ఎక్కించిన చేప వేరు, రంగుతో పుట్టిన చేప వేరు

"నిజాంపేటలో ఉంటాం సార్. మా బాబు ఎనిమిదో పుట్టినరోజుకి రెండడుగుల అక్వేరియం కొన్నాం. షాపతను ఆరు మెరిసే గులాబీ రంగు టెట్రాలు, నాలుగు గాజు చేపలు ఇచ్చాడు. టెట్రాల ఒళ్లంతా ఒకే తీరుగా గులాబీ రంగు, నీలం లైటు వేస్తే మెరుస్తాయి. గాజు చేపల వీపు మీద ఆకుపచ్చ, నారింజ గీతలున్నాయి. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫొటో పెడితే ఒకరు సూదితో రంగు ఎక్కించిన చేపలన్నారు, ఇంకొకరు జన్యువులు మార్చిన చేపలు, పిల్లలున్న ఇంట్లో ఉండకూడదన్నారు. షాపులో తిరిగి ఇచ్చేయాలా, దగ్గర్లో చెరువులో వదిలేయాలా? బాబు ఏడుస్తున్నాడు, నాకూ టెన్షన్‌గా ఉంది" అని అడిగారు మీరు.

అమ్మా, చెరువులో మాత్రం వదలకండి. మిగతావన్నీ నిదానంగా ఆలోచించుకోవచ్చు, ఆ ఒక్కటీ ఇప్పుడే తేల్చేసుకోండి. చేపలు ఎక్కడికీ పోవని బాబుకి కూడా చెప్పండి.

నేను ఇరవై ఆరేళ్లుగా చేపలు పెంచుతున్నాను. అందులో తొమ్మిదేళ్లు మలక్‌పేటలో చిన్న షాపు నడిపాను. మీ గ్రూపులో ఇద్దరి మాటల్లోనూ నిజముంది. కాకపోతే ఒకరి మాట మీ గాజు చేపలకు సరిపోతుంది, ఇంకొకరి మాట మీ టెట్రాలకు. రెండు రకాల చేపల్నీ షాపులో పక్కపక్క తొట్టెల్లో పెట్టి 'కలర్ ఫిష్' అని ఒకే పేరుతో అమ్ముతారు కాబట్టి ఈ గందరగోళం. నా దృష్టిలో ఈ రెండింటికీ మధ్య చాలా దూరం ఉంది. ఒకదానిలో బాధంతా చేపది. రెండోదానిలో చేపకు పెద్ద బాధ లేదు, భయపడాల్సింది మన వాగుల గురించి, చెరువుల గురించి.

ముందు గాజు చేప సంగతి. ఇది విదేశీ చేప కాదు, మన దేశపు వాగుల్లో, చెరువుల్లో దొరికేదే. శాస్త్రీయ నామం పరాంబాసిస్ రంగా. ఒళ్లు గాజులా ఉంటుంది, లోపలి వెన్నెముక, పక్కటెముకలు, గాలితిత్తి అన్నీ బయటికి కనిపిస్తాయి. ఆ అందమే దాని కొంప ముంచింది. ఒంట్లో రంగు లేదు కాబట్టి ఏ రంగు ఎక్కించినా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చేపను చేత్తో పట్టుకుని, వీపు అంచునా పొట్ట అంచునా చర్మం కింద సూదితో రంగు పోస్తారు. ఒక్కో చేపకు ఒక్క పోటుతో అయిపోదు, గీత పొడవునా పొడవాలి. చేప పొడవేమో మన బొటనవేలంత.

షాపు పెట్టిన రెండో ఏడు నేనూ ఒక హోల్‌సేలర్ దగ్గర ఒక లాట్ తెప్పించాను, యాభై పీసులు. అప్పటికి నాకు అవి ఎలా తయారవుతాయో తెలియదు, అదో జాతి అనుకున్నాను. కవరు విప్పి తొట్టిలో వదిలిన సాయంత్రం దగ్గరగా కూర్చుని చూశాను. గులాబీ రంగు గీత దూరం నుంచి గీతలా ఉంది గానీ దగ్గరికి వెళ్తే గీత కాదు, చుక్కలు. ఒకదాని పక్కన ఒకటి, కుట్టుమిషను వేసిన కుట్టులా. ఒక చేపకు చుక్క ఉన్నచోట చర్మం పైకి లేచి, అంచు తెల్లగా మారి ఉంది. వారం తిరిగేసరికి సగానికి పైగా పోయాయి. మిగిలినవాటిలో కొన్నింటికి రెక్కల చివర కాలీఫ్లవర్ ముక్కల్లాంటి తెల్లని బుడిపెలు లేచాయి. అది లింఫోసిస్టిస్ అనే వైరస్ జబ్బు. దానికి మందు లేదు, నీళ్లు శుభ్రంగా ఉంటే కొన్ని వారాల్లో దానంతటదే తగ్గొచ్చు. 1990ల చివర్లో ఇంగ్లండ్‌లో షాపుల్లోని గాజు చేపల్ని పరిశీలించినప్పుడు కూడా మామూలు వాటికంటే రంగు ఎక్కించినవాటిలోనే ఈ జబ్బు బాగా ఎక్కువగా కనిపించింది. చర్మానికి గాయమైతే జబ్బుకు తలుపు తీసినట్టే కదా. ఆ లాట్ తర్వాత నేను మళ్లీ రంగు చేప తెప్పించలేదు.

సూది ఒక్కటే పద్ధతి కాదు. చేప ఒంటి మీద జిగురు పొర ఉంటుందే, చేత్తో పట్టుకుంటే జారిపోయేది, అదే దాని కవచం. సూక్ష్మజీవుల్ని ఒంట్లోకి రానివ్వకుండా ఆపేది అదే. ఘాటు రసాయనంలో ముంచి ఆ పొరను ఊడగొట్టి, రంగు నీళ్లలో ఉంచి, పొర మళ్లీ పెరిగేదాకా మందులతో బతికించే పద్ధతి ఒకటుంది. తెల్లగా ఉండే విడో టెట్రాలు, అల్బినో కోరిడోరస్‌ల (తొట్టి అడుగున తిరిగే చిన్న మీసాల చేపలు) లాంటివాటికి ఇలా రంగులేస్తారు. ప్యారట్ ఫిష్ మీద లేజర్‌తో హృదయం గుర్తో అక్షరాలో వేయడం ఇంకో పద్ధతి. ఆ ప్యారట్ ఫిష్ కథ అసలే కష్టాలది. 1980ల్లో తైవాన్‌లో రెండు జాతుల్ని కలిపి పుట్టించారు, చాలావాటికి నోరు పూర్తిగా మూసుకోదు. దాన్ని తెచ్చి పైన ఊదా రంగు, నీలం రంగు ఎక్కిస్తే ఇక ఏమనాలి.

మేతతో వచ్చే రంగు వేరే సంగతి. అస్టాజాంతిన్ అనే ఎర్ర రంగు పదార్థం, స్పిరులినా అనే నాచు కలిపిన మేత పెడితే చేపకు పుట్టుకతో ఉన్న ఎరుపు, నారింజ గాఢం అవుతాయి. అది తప్పేమీ కాదు, నేనూ పెడతాను. లేని రంగును అది తేలేదు.

ఇప్పుడు మీ టెట్రాలు. గులాబీ రంగు ఒళ్లంతా ఒకే తీరుగా ఉందనీ, నీలం లైటు వేస్తే మెరుస్తోందనీ రాశారు. దాన్నిబట్టి అవి జన్యువు మార్చిన విడో టెట్రాలే అనుకుంటున్నాను. ఒక జాగ్రత్త చెప్పాలి. నీలం లైటు కింద మెరిసినంత మాత్రాన నిర్ధారణ కాదు, ఎక్కించే రంగుల్లోనూ మెరిసేవి ఉంటాయి. అదే విడో టెట్రా రంగు ముంచిన రూపంలోనూ, జన్యువు మార్చిన రూపంలోనూ ఒకే షాపులో దొరుకుతుంది. చూడాల్సింది రంగు ఎలా పరుచుకుందనేది. ఎక్కించిన రంగు మచ్చలుగా, గీతలుగా, ఒకచోట చిక్కగా ఇంకోచోట పలచగా ఉంటుంది, కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. పుట్టుకతో వచ్చిన రంగు కండలోంచే వస్తున్నట్టుంటుంది, ఆరు చేపల్లోనూ ఒకేలా ఉంటుంది, చేప బతికున్నన్నాళ్లూ పోదు. ఇంకో మాట, ఈ చేపలు చీకట్లో వాటంతటవి వెలగవు. మిణుగురు వేరు, ఇది వేరు. నీలం కాంతిని తీసుకుని తమ రంగులో తిరిగి ఇస్తాయి, అంతే.

ఇవి ఎక్కడినుంచి వచ్చాయో బాబుకి చెప్పండి, వాడికి నచ్చుతుంది. 1999లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో జియువాన్ గాంగ్ బృందం జెల్లీఫిష్‌లో ఉండే పచ్చగా మెరిసే ప్రొటీన్ తాలూకు జన్యువును జీబ్రాఫిష్ అనే చారల చిన్న చేప గుడ్డులో పెట్టింది. అక్వేరియాల కోసం కాదు. నీళ్లలో కాలుష్యం ఉంటే మెరిసి చూపించే చేపను తయారు చేయాలన్నది వాళ్ల ఆలోచన. తర్వాత పగడపు జాతి జీవి నుంచి తీసిన జన్యువుతో ఎర్ర చేప వచ్చింది. అమెరికా కంపెనీ ఒకటి హక్కులు కొనుక్కుని 2003 చివర్లో గ్లోఫిష్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. జీబ్రాఫిష్ తర్వాత టెట్రాలు, టైగర్ బార్బ్‌లు, షార్క్‌లు (సొరచేపలు కాదు, ఆ పేరుతో అమ్మే తొట్టి చేపలు), బెట్టాలు కూడా వచ్చాయి. ఆ పచ్చ ప్రొటీన్‌ను కనిపెట్టి వాడుకలోకి తెచ్చినందుకు ఒసాము షిమొమురా, మార్టిన్ చాల్ఫీ, రోజర్ చెన్‌లకు 2008లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మన హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో కూడా పరిశోధనలకు జీబ్రాఫిష్‌ను వాడతారు. గుడ్డు పారదర్శకంగా ఉంటుంది కాబట్టి లోపల గుండె ఏర్పడి కొట్టుకోవడం మైక్రోస్కోపులో నేరుగా చూడొచ్చు.

ఇక్కడే రెండు రకాలకూ తేడా గమనించండి. గాజు చేపలో సూది ప్రతి చేప ఒంట్లోనూ దిగింది. మీ టెట్రాల విషయంలో సూది దిగింది ఎన్నో తరాల కిందట, ఏదో పూర్వీకుడి గుడ్డులోకి. మీ ఇంట్లో ఉన్నవి గుడ్డులోంచి ఆ రంగుతోనే బయటికొచ్చాయి, వాటి పిల్లలూ అలాగే వస్తాయి. వాటికి నొప్పి అంటూ ఏమీ లేదు. పూర్తిగా మామూలు చేపలేనా అంటే చిన్న తేడాలున్నాయి. 2005లో వచ్చిన ఒక పరిశోధనలో ఎర్ర జీబ్రాఫిష్‌లు మామూలు వాటికంటే చలికి తక్కువ తట్టుకున్నాయి. మీవి టెట్రాలే అయినా అవీ వేడి దేశపు చేపలే. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రుల్లో తొట్టి నీళ్లు బాగా చల్లబడతాయి. ఆ రెండు నెలలూ హీటర్ పెట్టి నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉంచండి.

మరి పిల్లలకు ప్రమాదమా? ఆ ప్రొటీన్ నీళ్లలోకి కారదు, ముట్టుకుంటే అంటదు. పిల్లి తిన్నా మామూలు ప్రొటీన్ లాగే అరిగిపోతుంది. గాజు చేపల రంగు నుంచి కూడా బాబుకి వచ్చే హాని ఏమీ లేదు. అక్వేరియంలో నిజంగా జాగ్రత్తపడాల్సింది రంగు విషయంలో కాదు. చేతి మీద కోతో గీరుకున్న పుండో ఉన్నప్పుడు తొట్టిలో చెయ్యి పెట్టనివ్వకండి. మైకోబాక్టీరియం మెరైనమ్ అనే సూక్ష్మజీవి గాయంలోకి చేరితే మానని బొబ్బ లేస్తుంది, నెలల తరబడి మందులు వాడాలి. ఏ రంగూ లేని చేపలున్న తొట్టిలోనూ ఇదే నియమం. తొట్టి ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగిస్తే చాలు.

ఇక చెరువు మాట ఎందుకంత గట్టిగా చెప్పానో చెప్తాను. అమెరికాలో ఈ చేపలు అమ్మకానికి వచ్చినప్పుడు అక్కడివాళ్లు చెప్పిన ఒక వాదన, జీబ్రాఫిష్ వేడి దేశాల చేప, మా చల్లటి నీళ్లలో పడ్డా బతకదు అని. వాళ్లకు ఆ వాదన సరిపోయింది. మనకు అది తిరగబడుతుంది. ఎందుకంటే జీబ్రాఫిష్ పుట్టిల్లు మన దేశమే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ దాన్ని వర్ణించింది బెంగాల్ ప్రాంతపు చేపల్ని చూసి. గంగా, బ్రహ్మపుత్ర పరివాహక ప్రాంతాల్లో వరిచేల పక్క కాలువల్లో, నిలవ నీళ్లలో తిరిగే చేప అది. సింగపూర్‌లో జన్యువు మార్చి, అమెరికాలో పేరు పెట్టిన చేప ఇక్కడి కాలువలో పడితే దానికి బతకడమే కాదు, జత కట్టడానికి అన్నదమ్ములు కూడా ఉంటారు. మీ టెట్రాల మూలం దక్షిణ అమెరికా, కాబట్టి వాటికి ఇక్కడ చుట్టాలు లేరు. అయినా వేడి నీళ్లు, తిండి దొరుకుతాయి కదా.

అడవి జీబ్రాఫిష్‌లతో కలిస్తే ఆ రంగు నిలుస్తుందా అన్నది అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు చూశారు. మామూలు చేపల్నీ ఎర్ర చేపల్నీ కలిపి 18 గుంపులుగా పెంచారు. 15 తరాల్లో ఒక్క గుంపులో తప్ప అన్నిట్లోనూ ఎర్ర జన్యువు మాయమైపోయింది. మామూలు మగ చేపలు ఎర్ర మగవాటిని తరిమేసి తామే జత కట్టేశాయట. వినడానికి ధైర్యంగా ఉంది. కానీ 2022లో బ్రెజిల్ నుంచి వచ్చిన పరిశోధన చదివాక నా ధైర్యం సడలింది. అక్కడ చేపల పెంపకం చెరువుల నుంచి తప్పించుకున్న ఎర్ర, ఆకుపచ్చ జీబ్రాలు అడవి వాగుల్లో తిరుగుతూ, తింటూ, పిల్లల్ని కూడా పెడుతున్నాయి. పోటీకి వచ్చే మామూలు జీబ్రా అక్కడ లేదు, వెంటబడి తినే చేపలూ తక్కువే.

మనకు ఇదేమీ కొత్త పాఠం కాదు. తొట్టి గోడలు నాకుతుందని కొనే సకర్ ఫిష్, పెద్దదయ్యాక చెరువులో పారేసిన చేపే ఇవాళ జాలర్ల వలలు చించుతున్న దెయ్యపు చేప. సీసీఎంబీకి చెందిన, అంతరించిపోతున్న జాతుల మీద పనిచేసే లాకోన్స్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు నీటిలో కలిసే డీఎన్ఏను పట్టి చూసి, తూర్పు కనుమల నీటి వనరుల్లో అది ఎంతగా వ్యాపించిందో బయటపెట్టారు. దాన్ని చెరువులో వదిలినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. జీవహింస ఎందుకులే అని పుణ్యం కోసం వదిలినవాళ్లే. మీరు అడిగిన ప్రశ్నలోనూ ఆ దయే ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. జన్యువు మార్చిన ఏ జీవినైనా మన దేశంలో తయారు చేయాలన్నా, దిగుమతి చేయాలన్నా, అమ్మాలన్నా 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చిన 1989 నిబంధనల ప్రకారం కేంద్ర కమిటీ జీఈఏసీ అనుమతి ఉండాలి. తెలంగాణ రైతులకు ఈ పేరు బాగా తెలుసు, 2002లో బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది ఇదే కమిటీ. మెరిసే చేపలకు అలాంటి అనుమతి రాలేదు. అయినా అన్ని ఊళ్లలోనూ బాహాటంగా అమ్ముతున్నారు. ఇక సూది రంగు విషయానికొస్తే, జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం, 1960లో 'జంతువు' అంటే మనిషి తప్ప ప్రాణమున్న ప్రతి జీవీ అని రాసి ఉంది. హాని చేసే పదార్థాన్ని కావాలని జంతువు ఒంట్లోకి పంపడం అందులో నేరమే. చేప అరవదు కాబట్టి అది ఎవరికీ గుర్తురాదు.

షాపుకి తిరిగి ఇవ్వొచ్చా అంటే నేనైతే ఇవ్వను. మళ్లీ కవరు, మళ్లీ ప్రయాణం, మళ్లీ కొత్త నీళ్లు, మళ్లీ ఇంకో ఇంటికి అమ్మకం. గాయపడ్డ గాజు చేపలు ఆ తిప్పలకు తట్టుకోలేవు. మీ దగ్గరే ఉంచుకోండి. ఇకపై మాత్రం కొనకండి, చనిపోయినవాటి బదులు కూడా కొనకండి. షాపతనికి ఎందుకు కొనట్లేదో మర్యాదగా ఒక మాట చెప్పండి. షాపు నడిపినవాడిగా చెప్తున్నాను, నలుగురు కస్టమర్లు ఒకే నెలలో అదే మాట అంటే తర్వాతి ఆర్డరులో ఆ పేరు కొట్టేస్తాం. గులాబీ టెట్రాలు ఎప్పుడైనా గుడ్లు పెట్టినా పిల్లల్ని ఎవరికీ పంచకండి. చనిపోయిన చేపను నాలాలోనో టాయిలెట్‌లోనో వేయకుండా కుండీ మట్టిలో లోతుగా పాతిపెట్టండి.

ఇప్పుడు అసలు అత్యవసరం నీళ్లు. రెండడుగుల తొట్టి అంటే యాభై లీటర్లు, కొత్తది, అందులో ఒకేసారి పది చేపలు. చేపల మలంలోంచి వచ్చే అమ్మోనియాను తినే మంచి బాక్టీరియా ఫిల్టర్‌లో ఏర్పడటానికి నాలుగైదు వారాలు పడుతుంది. అప్పటిదాకా రోజు విడిచి రోజు పావు వంతు నీళ్లు మార్చండి. నల్లా నీళ్లయితే ముందు రోజే బకెట్‌లో పట్టి ఉంచండి, లేదా యాంటీ క్లోరిన్ వేయండి. ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద కడగొద్దు, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. ఫిల్టర్ రాత్రి కూడా ఆడాలి. లైటు మాత్రం ఎనిమిది గంటలు చాలు. మెరుపు బాగుందని రాత్రంతా నీలం లైటు వేసి ఉంచే ఇళ్లు చాలా చూశాను, చేపలకూ నిద్ర కావాలమ్మా. అమ్మోనియా టెస్ట్ కిట్ ఒకటి కొనండి, రంగు చేపల మీద పెట్టిన డబ్బు కంటే ఎక్కువ పనికొస్తుంది.

టెట్రాలు ఏం వేసినా తింటాయి. గాజు చేపలే మొండివి, పొడి మేత ముట్టవు. ఫ్రీజ్ చేసిన బ్లడ్‌వార్మ్స్ (చిన్న ఎర్ర పురుగులు) చిన్న ముక్క కరిగించి, ఫిల్టర్ నీళ్లు దూకే చోట వేయండి. కదులుతూ కిందికి దిగితే వెంటబడి తింటాయి. నాలుక్కి నాలుగూ తింటున్నాయో లేదో లెక్కపెట్టే పని బాబుకి అప్పగించండి. రెక్కల మీద తెల్ల బుడిపె కనిపిస్తే కంగారుపడి మందులు పోయకండి, ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.

ఆ నాలుగూ నిలదొక్కుకుంటే ఆరేడు నెలల్లో ఆకుపచ్చ, నారింజ గీతలు మెల్లగా వెలిసిపోతాయి. రంగు పోతోందని బాబు బెంగపెట్టుకోకుండా ముందే చెప్పి ఉంచండి. అప్పుడు తొట్టి వెనకాల తెల్ల కాగితం పెట్టి, ఒక పక్క నుంచి చిన్న లైటు వేసి చూపించండి. వెన్నెముకలో ఒక్కో పూస, గాలితిత్తి మీద వెండి మెరుపు, తిన్న ఎర్ర పురుగు పొట్టలోకి జారడం అన్నీ కనిపిస్తాయి.